బాకీ

సంచి మీది అచ్చుతోని మొదలైంది.
దుబాయికి పోయే లోడు.
లెక్క నేను కట్టిందే, మూతి నేను కుట్టించిందే,
దాని మీద ఏం రాసుందో నాకే తెల్వదు.
కుడి నుంచి ఎడమకు
పాకిపోయిన చీమలబారు.

హమాలీ గౌస్ బిడ్డ తస్నీం
నా ఫోన్ల అరబ్బీ క్లాసు పెట్టిచ్చింది.
పంతులమ్మ ఏ సముద్రం ఒడ్డున ఉంటదో,
మా యార్డుల దీపాలు పెట్టినంక గూడ
ఆమె కిటికీల ఇంకా పొద్దుంటది.

మొదటి నెల ఉరికిన.
రాత్రికి మూడు పాఠాలు.
అలిఫ్, బా, తా అనుకుంట పప్పు మాడగొట్టిన.
గుమాస్తాగిరీల ఇరవై రెండేండ్లు
ఒక్కనాటి పద్దు రేపటికి ఆపనిదాన్ని,
భాషను గూడ
అట్లనే మాపటికల్ల ముగిద్దామనుకున్న.

ఐన్ అనే అక్షరం మాత్రం రాలే.
గొంతు అడుగు నుంచి తియ్యాలంట.
ఆమె పదిసార్లు పలికింది,
నేను పదిసార్లు దగ్గిన.

మాఘంల సరుకు దిగింది.
ధర్మాబాద్ ధర్మాబాదంత తుమ్మింది.
బాసర దిక్కు నుంచి ట్రాక్టర్లు,
బిలోలి దిక్కు నుంచి టెంపోలు,
మరాఠీల బేరం, తెలుగుల తిట్లు.
పంతొమ్మిది దినాలు క్లాసు తెరవలే.
వసూలుకొచ్చినోడు గడపల నిలబడ్డట్టు
ఫోన్ రోజూ గుర్తు చేసింది.
తస్నీం రెండో పుస్తకంల ఉంది.
నా పేరు పక్కన ఎర్రగ నలభై ఒకటి.

ఇరవయ్యో నాడు
కాటా మీద సంచి పెట్టిచ్చి
ముల్లు కోసం చూస్తున్న.
ముల్లును ఎవడు తొందరపెడ్తడు?
వేలు తాకిస్తే తూకం తప్పుతది,
నాకు తెలిసిన ధర్మం అదొక్కటే.
ఊగుతది, ఊగుతది,
తనంతల తాను ఆగుతది.
ఆ సందుల పైకే అన్న: "ఫిల్‌ఫిల్."
మిరప అన్నట్టు.
ఇంకొకటి యాదికొచ్చింది, ఐన్.
కన్నును గూడ ఐనే అంటరంట.
కండ్లల్ల నీళ్లు, గొంతుల ఘాటు,
అక్షరం దానంతల అదే వచ్చింది.
గౌస్ సంచి దించుకుంట నవ్విండు.

ఇగ గంతే.
సంచికొక మాట గాదు, అది మళ్ల ఉరుకుడే.
దినానికొకటి.
అమాసకు యార్డు బందు, నాకూ బందు.
ఐతారం జొన్నరొట్టె కాలేలోపు పాతవి నాలుగు.
మరిస్తే మరిస్తి.

మొన్న పంతులమ్మ బోర్డు మీద ఒక మాట రాసింది.
కూడబలుక్కున్న: బా... కీ.
కుర్చీల నిటారుగ కూసున్న.
ఇరవై రెండేండ్లు నేను
ఎర్రసిరాతోని రాసిన మాట,
పండుగ పూట గూడ మంది ముఖాలు దించిన మాట.
అప్పు గాదంట.
మిగిలి ఉన్నది. అంతే.
పోకుండ నిలిచేదాన్ని గూడ
అట్లనే పిలుస్తరంట.

ఇప్పుడు నలభై ఒకటి ముప్పై ఎనిమిది.
సంచి మీద మూడు వరుసలు.
మొదటిది చదివిన: ఎర్ర మిరప.
"దీనికింత కష్టమా" అన్నడు సావుకారు.
రెండోది తేమ గురించి కావొచ్చు.
వానకాలానికి తెలుస్తది.