నీలం అయిపోయింది

మహారాణిపేటలో కలెక్టరాఫీసు దిగువన
ఆరడుగుల బడ్డీ నాది.
బోర్డు మీద జిరాక్సుకి సావత్తు
ఉప్పుగాలికి తుప్పుపట్టి రాలిపోయింది.
'జిరాకు' అని మిగిలింది.
వచ్చినవాళ్ళు చిరాకని చదువుకుంటారు.
అబద్ధమేం కాదు కదా అని
నేనూ బాగుచేయించలేదు.

పొద్దున్నే వాసుపల్లి ఎల్లాజి వచ్చాడు,
జాలారిపేట నుంచి, అంచు తడిసిన లుంగీతో,
జేబులో ప్లాస్టిక్ కవరు, కవర్లో ఆధారు కార్డు.
పడవ మోటారు కోసం అర్జీ.
ఒక్క పేజీ. పదిహేను లైన్లు. నల్ల అక్షరాలు.

ముందు ఫోన్లో కొట్టి చూపిద్దామనుకున్నా.
'పడవ' అంటే 'పదవి' అని దిద్దింది.
ఆర్యా, నా పదవికి మోటారు ఇప్పించగలరు.
ఎల్లాజి పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు:
"పదవైనా పర్లేదమ్మా, ఇత్తే ఒగ్గెత్తానేటి!"

కంప్యూటరు తెరిచాను.
దానిలో పద్దెనిమిదేళ్ళ నాటి ఫాంటు.
నా తెర మీద తెలుగే,
మెయిల్లో పై ఆఫీసుకి చేరేసరికి
డాలర్లూ కొంకీలూ సున్నాలూ.
కొత్త పద్ధతి నేర్చుకోమన్నారు, నేర్చుకున్నా.
అందులో వత్తులు పక్కింటికి జరిగిపోతాయి.
ఎంతమంది లక్ష్ముల నడుము విరిచానో
ఈ రెండు చూపుడువేళ్ళతో.

సరే, కొట్టాను. ప్రింటు నొక్కాను.
ప్రింటరు కాసేపు ఆలోచించి చెప్పింది:
నీలం అయిపోయింది. కొత్తది పెట్టండి.

నల్లటి అక్షరానికి నీలమెందుకే?
అడిగితే వినదు.
పాత డాట్ మాట్రిక్స్ కీచుమని ఏడ్చేది,
కానీ పని చేస్తూ ఏడ్చేది.
ఇది మర్యాదగా, చప్పుడు లేకుండా
కుదరదంటుంది.
కొన్నది నేను. బిల్లు ఇనప్పెట్టెలో ఉంది.
అయినా రోజూ నేనెవరో నన్నే రుజువు చేసుకోమంటుంది.
పాస్‌వర్డులో ఒక పెద్దక్షరం ఉండి తీరాలట.
అఆల్లో పెద్దదేదో, చిన్నదేదో
దాన్నొచ్చి చూపించమను.

ద్వారకానగర్ షాపుకి ఫోను చేశాను.
"ఉప్పుగాలికి వారంటీ ఉండదు మేడం," అన్నాడు కుర్రాడు,
నేను అడగనిదానికి జవాబు.
బాబూ, వైజాగులో ఉప్పు లేని గాలి
ఏ షాపులో అమ్ముతారో అడ్రసు పెట్టు,
అదీ కొంటాను.

ఈ వీధి దిగి రెండు మలుపులు తిరిగితే సముద్రం.
బడ్డీలో నిలబడితే సందులోంచి
వేలెడు కనిపిస్తుంది కూడా.
నీలానికి కరువొచ్చిన ఊరా ఇది?

"మా మోటారు మొండికేత్తే తెడ్డుంటాది,"
అన్నాడు ఎల్లాజి. "నీకేటుందమ్మా?"

సొరుగు లాగాను.
కరెంటు బిల్లులు, ఒక చెవి పని చేయని ఇయర్‌ఫోన్లు,
ఏ ఫోనుకీ పట్టని నాలుగు చార్జర్లు,
వాటి అడుగున ఒక పెన్ను.
మూడో లైను రాస్తుండగా చూసుకున్నాను,
సిరా నీలం.

గంటకి తిరిగొచ్చాడు.
"సేతిరాత సెల్లదంట. మిసనుదే కావాలంట."
అర్జీ చదవలేదట, చూసి తిప్పి ఇచ్చారట.

నీలం కొన్నాను. పదకొండు వందల నలభై.
ఎల్లాజి ఇచ్చేది పది రూపాయలు.
పేజీ బయటికొచ్చింది నల్లగా, శుభ్రంగా,
ఎక్కడా నీలం చుక్క లేకుండా.
అతను రెండు కాయితాలూ కవర్లో పెట్టుకున్నాడు.
"ఇదెందుకయ్యా?" అన్నాను చేతిరాతని చూపిస్తూ.
"ఇందులో నా పేరు బాగుంది."

తెర మీద చిన్న గంట మోగింది.
ఎరుపు తగ్గుతోందట.
వినపడనట్టే షట్టరు సగానికి దించి
టీకి వెళ్ళాను.