బొటనవేలంత సందు

మూడున్నరకి ఫోను.
"తేలిందండీ రొయ్య. మూడో నంబరు చెరువు. కరెంటు లేదు."
అంతే, పెట్టేశాడు ఆదియ్య.

ముసురు పట్టి ఇవాళ్టికి మూడో రోజు.
ఎండ లేదు, నీళ్ళలో ప్రాణవాయువూ లేదు.
దండెం మీది చొక్కా ఆరకుండానే వాసనేసింది
అగ్గిపుల్ల గీస్తే మెత్తగా నలిగి ఊరుకుంది
అప్పడాలూ, నా రీడింగుల పుస్తకమూ
ఒకే రకంగా సాగిపోతున్నాయి.

సబ్బుముక్కని తడపకుండా
కళ్ళద్దాలకి అటూ ఇటూ రుద్దాను
పాత పంచె పేలికతో మరక పోయేదాకా తుడిచాను.
కడక్కూడదు, అదే కిటుకు.
హెల్మెట్ అద్దానికి లోపలివైపూ అంతే.
పోయినేడు పళ్ళపేస్టు రాస్తే గీతలు పడ్డాయి,
ఎవరో చెప్పారని బంగాళాదుంప చెక్క రుద్దితే
పొలిమేర దాటినా ముక్కులో పచ్చి కూర వాసన.

నాది మైనస్ ఐదున్నర.
అద్దాలు తీస్తే జిల్లా మొత్తం
నానబోసిన బియ్యం.
పెట్టుకుంటే
బయటి అద్దం మీద వాన,
లోపలి అద్దం మీద నేను.

వానని ఎడంచేతి గ్లవుతో తుడిచేయొచ్చు.

భీమవరం దీపాలు వెనకబడ్డాక
గట్టురోడ్డు మీద ఎదురొచ్చింది మేత లారీ
రెండు లైట్లూ ఎత్తి పట్టుకుని.
ఒక్కసారిగా ముఖమంతా పాలు.
కాలవ ఎటో, రోడ్డెటో, నా చేతులెటో!
కాలు కింద పెట్టి ఆగిపోయాను.
లారీ పోయాక కూడా
ఆగినచోటే కాసేపు ఆగాను.

సరిగ్గా ఇలాంటి రాత్రే
లోసరి దగ్గర గుర్రపుడెక్కలో పడ్డవాణ్ణి
బండితో సహా పైకి లాగాడు పంచర్ల ఏసుపాదం.
స్పార్క్ ప్లగ్గు ఊదుతూ చెప్పాడు:
"ఊపిరి గెడ్డం మీదకి ఒదలండి మాస్టారూ,
గుండెల మీద నిద్దరోయిన చంటిదాని
మాడు మీద ఊదినట్టు.
అద్దం పూర్తిగా ముయ్యకండి, ఆయ్,
బొటనవేలంత సందుంచండి.
మహా అయితే ముక్కు తడుస్తాది,
ముక్కుకి పవరుందా ఏవన్నానా?"

సందుంచాను.
చినుకులు సూదుల్లా పెదాల మీద.
మంచు పక్కకి జరిగింది,
తెల్లగీత కనబడింది,
గీత పక్కన తడిసి కూచున్న కుక్క,
దాని పక్కన ఇంకో కుక్క.
ముప్ఫైలో వెళ్ళాను, మనసు ఎనభైలో ఉంది.

చెరువు గట్టున ఆదియ్య.
జనరేటర్ హ్యాండిల్ తిప్పి తిప్పి
అరచేతి తోలు లేచిపోయింది.
టార్చి వేశాడు నీళ్ళ మీదకి.

కళ్ళు.
నిప్పురవ్వల్లాంటి కళ్ళు, గట్టు నుంచి గట్టుకి.
మీసాలు పైకి పెట్టుకుని
గాలి అంచుని నాకుతున్నాయి.
చప్పుడు లేదు.
లక్షల ప్రాణాలు అంత నిశ్శబ్దంగా అడుగుతాయని
ఏ ట్రైనింగులోనూ చెప్పలేదు.

హెల్మెట్ తీశానో లేదో
చెరువు ఆవిరి కళ్ళద్దాలకి పట్టేసింది,
సబ్బూ లేదు, కిటుకూ లేదు.
మీటరు ముంచాను గానీ
అంకె కనబడదే!
"నువ్వు చదువు ఆదియ్యా."
వేలు పెట్టి కూడబలుక్కున్నాడు,
"ఒకటి... చుక్క... తొమ్మిది."

దారి పొడుగునా
నాకు ఎక్కువై అద్దాన్ని మూసేసిన ఊపిరి
ఇక్కడ ఒకటి, చుక్క, తొమ్మిది.

ఆక్సిజన్ గోళీలు బకెట్లతో జల్లాం.
డీజిల్ గొట్టంలో నీళ్ళు విదిలించి
ఏడోసారి తిప్పితే దగ్గింది ఇంజను,
మళ్ళీ దగ్గింది, పట్టుకుంది.
ఏరియేటర్ రెక్కలు చెరువుని చీల్చి
మా ఇద్దరి మీదా పోశాయి.
తుడుచుకోలేదు.
ఎన్ని మునిగాయో, ఎన్ని మిగిలాయో
తెల్లారితే వల చెబుతుంది.

ఆదియ్య మాత్రం టార్చి గాజుని
లుంగీ కొసతో తుడుస్తూ అడిగాడు,
"ఆ సబ్బేదో దీనిక్కూడా పనిచేస్తాదా అండీ?"
జేబులో ఉంది ముక్క.
విరిచి సగం ఇచ్చాను.
"తడపకు," అన్నాను.
ఇద్దరం పైనుంచి కిందిదాకా కారుతూ
నిలబడి ఉన్నాం.