నాలుక చాపు

కనిగిరి నించి ఒంగోలు బస్సుకి ఇంకా గంటుంది.
లూర్దమ్మా, పెట్టె ఇంకోసారి తూచు.
ఇరవై మూడు కిలోలేనంట, విమానమోళ్ల లెక్క.
పచ్చడి సీసా తీసెయ్యి, పోతే పోయింది.
ఆ సొట్ట సత్తుగిన్నె మాత్రం ఉంచు.

సిస్టర్ ఒదీలియా వచ్చిన ఏడే
మా బావి అడుగంటి బోరు దించారు.
సైకిలు మీద, నీలి ముసుగు ఎగరతా
పామూరు రోడ్డంతా దుమ్ము లేపుకుంటా వచ్చేది.
తెలుగు ఆమెకి బళ్లో రాలా,
రోగుల దగ్గర వచ్చింది.
అందుకే ఆమె తెలుగులో
పూల పేర్లు లేవు, పలకరింపుల్లేవు.
యాడ నొప్పి? నాలుక చాపు. మింగు.
రేపు రా. నీలు కాచావా?
ళ పలికేది కాదు.
ముసలోళ్లు నవ్వు మింగి
కాచాం సిస్టరమ్మా అని బొంకేవాళ్లు.

తర్వాత్తర్వాత నిజంగానే కాచాం.
ఇరవై ఏళ్లు, కంపచెట్లు నరికి నరికి కాచాం.
కాచినా పోని విషమొకటి ఉంటదని
పరీక్షల జీపొచ్చాక గానీ
ఆమెకీ తెలవలా, మాకూ తెలవలా.
ఆ సాయంత్రం గుడి మెట్ల మీద కూచొని
నా వంకర మోకాళ్లకేసే చూసింది,
తిట్టమన్నట్టు.
నేను తిట్టలా.
నూకలు చెరుగుతా ఉండిపోయా.
మర్నాటి నించి కలెక్టరాఫీసుకి తిరిగింది,
ట్యాంకరు వచ్చిందాకా,
సైకిలు చెయిను రెండుసార్లు తెగిందాకా.

ఇప్పుడు ఆ దేశంలో, ఆమె మఠంలో
పదకొండు మంది కన్యాస్త్రీలు,
తొమ్మిది మంది మంచాల్లోనే.
కొత్తగా చేరే పిల్లల్లేరంట.
ఆమె సొంత భాష మరిచింది,
కన్నతల్లి పేరు మరిచింది.
డాక్టరొస్తే ఆయన్నే గద్దిస్తదంట.
అది ఏం మాటో ఆడ ఎవరికీ తెలవక
మదరు ఫోనులో వినిపిస్తే
నువ్వు పక్కున నవ్వావు,
నవ్వి వంటింట్లోకి పోయావు,
చానాసేపు రాలా.

ఒక పనికి వాళ్లు ఈడికొచ్చారు,
అదే పనికి సభ నిన్ను ఆడికి పంపతంది.
ఇందులో దేవుడి లెక్కేందో
విచారణ గురువుల్నే అడుగు, నాకు తెలవదు.
నాకు తెలిసింది ఒకటే.
ఊరందరి నొప్పీ అడిగిందే గానీ
నాకు నొప్పి అనే మాట
ఆమె నోట నేను వినలా.
ఎవరూ నేర్పలేదేమో.
నువ్వడుగు. యాడ నొప్పి అని,
మన యాసలోనే అడుగు.

ఇంకోటి.
ఆడ పంపు నీళ్లు అట్నే తాగొచ్చంట.
అయినా కాచు,
ఆమె చూస్తుండగా కాచు.
లేకపోతే నమ్మదు.