ఊ

నా కంప్యూటర్‌కు రెండు సౌండ్ కార్డులు.
ఒకటి దాంతోటే పుట్టింది.
అన్నిటికీ అదే ఉరుకుతది:
సినిమాలకు, మా అన్న బిడ్డ ఆన్‌లైన్ క్లాసులకు,
గ్యాస్ బుకింగ్ గొంతుకు, టింగుమనే మెసేజులకు.
రెండోది సికింద్రాబాద్‌ల కొన్న, ఎవరో వాడిందే,
తొమ్మిది వేలు, మూడు కిస్తులు.
దానికి మైకు తప్ప లోకం తెల్వదు.
దాని మీద ఇప్పటిదాక ఒక్క పాట పెట్టి వినలే.
మడి కాదు.
ఒకపారి పెండ్లి పిలుపు రికార్డు చేస్తాంటే
నడుమల టింగుమన్నది.
ఆ పెండ్లోల్లు ఇయ్యాల్టికీ అడుగుతరు,
మా పిలగాని పేరు కాడ గంటెందుకు కొట్టినవని.

శివనగర్ అండర్‌బ్రిడ్జి పక్క సందుల నా రూము.
గోడలకు కొత్తవాడ జంపఖానాలు కొట్టిన.
రైలొస్తే మాత్రం ఆగుడే.

పరకాల నుంచి ఓదెలవ్వను తోల్కొచ్చిన.
మిర్చి ఏరే కాడ కతలు చెప్పే మనిషి,
వేళ్ళ కారం కండ్లకు తగలకుంట
మోచేత్తోని చెమట తుడ్సుకునే మనిషి.
"నువ్వు చెప్పవ్వా, నేను సప్పుడు చెయ్య" అన్న.
ఏడుగురు కోడండ్ల కాడ మొదలువెట్టింది.
రెండు మాటలు. ఆగింది.
నా మొకం చూసింది.
మల్ల మొదలువెట్టింది. మల్ల ఆగింది.
"ఊ కొడ్తలేవు గద బిడ్డా,
ఎవలికి చెప్పాలె నేను?"
"కొడితే రికార్డయితదవ్వా."
"కొట్టకపోతే కత నడువది."
తల ఊపి చూపిచ్చిన.
"తొండ గూడ ఊపుతది" అన్నది.

గప్పుడు యాదికొచ్చింది మొదటి కార్డు.
దానికి నూట యాభై రూపాయల మైకు తగిలిచ్చి
తలుపు అవుతల కూసున్న.
అవ్వ చెవులకు పెట్టిన ఫోన్లల్ల నా ఊ,
తలుపు సందుల నుంచి నాకు అవ్వ కత.
మంచి కార్డు మీద ఆమె,
మామూలు కార్డు మీద నేను.
గంటన్నర. రెండు రైళ్ళు. ఒక చాయ్.

రాత్రి రెండు ఫైళ్ళను పక్కపక్కన పండవెట్టిన.
మొదట్ల మంచిగనే ఉన్నది:
మాట, ఊ. మాట, ఊ.
సగానికొచ్చేసరికి ఊ జర ముందుకు జరిగింది.
రెండు కార్డుల గడియారాలు ఒక్కటి గావు,
సెకనుకు వెంట్రుకంత గూడ ఉండదు తేడా,
నడిచినకొద్దీ వెంట్రుకలే తాడయితయి.
ఆఖరుకు
చిన్న కోడలు తలుపు తీసి
ఎవల్ని చూసిందో అవ్వ చెప్పకముందే
నేను ఊ అంటున్న.

సరిచెయ్యొచ్చు.
ఆడాడ కోసి జరిపితే అయిపోతది.
జరపలే.

తెల్లారి అవ్వకు ఇనిపిచ్చిన,
మామూలు కార్డు మీదనే, చిన్న స్పీకర్ల.
కండ్లు మూసుకొని ఆఖరుదాక విన్నది.
"ఈ కత నీకు ముందే ఎరుకనా?
మరి చెప్పవైతివి" అన్నది,
"ఇంకోటి చెప్తుంటి."