లాక్ వైరు

రెండు బోల్టుల తలల్లో సన్నని కన్నాలుంటాయి.
ఒకే తీగని రెంటిలోంచీ దూర్చి
మెలేసి, ప్లయర్స్‌తో లాగి కడతాం.
ఇంజను అదురుకి ఇది వదులవబోతే
ఆ లాగుడికి అది ఇంకాస్త బిగుస్తుంది.
మెలిక ఎటు తిప్పాలో తెలీనివాడికి
హేంగర్లో పనేటని అంటాడు మీసాల చిన్నంనాయుడు,
మా యూనియన్ సెక్రటరీ.
ఏ మీటింగయినా ఇలాగే మొదలెడతాడు, తీగ దగ్గర్నుంచి.

భోగాపురంలో రాత్రి రెండు దాటాక
ఉప్పుగాలికి టూల్‌బాక్సు గొళ్ళెం కూడా చెమరుస్తుంది.
టార్చి నోట కరుచుకుని
రెక్క కింద వెల్లకిలా ఉన్నాను.
జేబులో ఫోను వణికింది.
విజయనగరం నుంచి కబురు:
పదకొండో దఫా కూడా తేలలేదు.

ఆగింది జీతం దగ్గర కాదు.
జీతం మూడో దఫాలోనే కుదిరింది.
నైట్ అలవెన్సు, బూట్లు,
కేంటీన్లో రెండో కూర, అన్నీ అయ్యాయి.
పద్నాలుగో క్లాజులో రెండు మాటల దగ్గర
బండి దిగబడింది:
'అవసరాన్ని బట్టి'.

అవసరాన్ని బట్టి పని బయటివాళ్ళకిస్తారట.
అవసరాన్ని బట్టి మనుషుల్ని తగ్గిస్తారట.
ఇది మామూలు మాటేనండీ అన్నాడట
బెంగళూరు నుంచి వచ్చిన పెద్దమనిషి.
చిన్నంనాయుడు నీళ్ళ గ్లాసు పక్కకి జరిపి
"ఎవుల అవసరం, బావూ?" అన్నాడట.
తర్వాత గంటంపావు
గదిలో ఫ్యాను ఒక్కటే మాట్లాడింది.

మామూలు మాటే.
కోరాడ త్రినాథ వాళ్ళ జీడితోట అడిగినప్పుడూ
ఇదే మాట.
ఇప్పుడు వాడు విమానాల్ని లాగే టగ్గు నడుపుతాడు.
రెండో టాక్సీవే మలుపులో కాస్త నెమ్మదిస్తాడు.
అక్కడ వాళ్ళ నుయ్యి.
ఒక్కసారే చెప్పాడు.

నెల్లిమర్లలో మా మావ జూటు మగ్గాల ఫిట్టరు.
గేటుకి లాకౌటు కాగితం అంటించిన పొద్దు
ఆయన దాన్ని చదవలేదు,
వేలితో ముట్టుకు చూశాడు.
"జిగురింకా తడిగుందిరా" అన్నాడు ఇంటికొచ్చి,
"మనం డూటీలో ఉండగానే అంటించేర్రా."
ఆయన రెంచి ఇప్పుడు
మా అత్త చోడిపిండి డబ్బా మూత మీద బరువు.
పిల్లి తియ్యకుండా.

మా హేంగరు గోడ మీద
ప్రతి పనిముట్టుకీ దాని ఆకారంలోనే
కోసిన గూడు ఉంటుంది.
షిఫ్టు చివర ఒక్క గూడు ఖాళీ ఉన్నా
విమానం కదలదు.
పోయిన వానాకాలం పది నంబరు సాకెట్టు కనబడక
నూట ఎనభై మందిని నాలుగ్గంటలు కూచోబెట్టాం.
చివరికి ఆదిలక్ష్మి ఏప్రను మడతలో దొరికింది.
ఏడ్చేసింది పిల్ల.
నాయుడు తిట్టలేదు,
పుస్తకంలో టైము వేసి సంతకం పెట్టమన్నాడు.

మొన్న మార్చిలో
ఆరుగురు కనబడకుండా పోయారు.
ఏ గోడ మీదా వాళ్ళ ఆకారంలో గూడు లేదు.
అన్ని విమానాలూ టైముకే లేచాయి.

మా యావిడ జీతం ఎంత పెరిగిందని అడగదు.
"ఎన్నాళ్ళుంటాదట?" అంటుంది
చీటీపాట కాగితం మడత పెడుతూ.
నేను సంతకం పెడితే గాల్లోకి లేస్తారు అంతమంది.
ఆ పాటికి నాకో సంతకం
ఎవరు పెడతారో ఆవిడకి చెప్పలేను.

నాలుగున్నరకి లాగ్‌బుక్కు మూశాను.
కత్తిరించిన తీగ ముక్కలు లెక్కపెట్టాను, ఏడు.
ఒక్కటి జారినా ఇంజను మింగేస్తుంది.

సవరవిల్లి టీబడ్డీ దగ్గర బస్సు దిగాడు నాయుడు.
చొక్కా అంతా ముడతలు, కళ్ళు ఎర్రగా.
"ఏటయిందన్నా?" అనే లోపు
"ఆ రెండో ఇంజనుకి వైరు కట్టేవా?" అన్నాడు.
కట్టేనన్నాను.
"మెలిక?"
బిగిసే వైపే అన్నాను.
టీ ఊదుకుంటూ చాలాసేపు రోడ్డు చూశాడు.

మంగళవారం మళ్ళీ వెళతాడు.
ఈసారి ఆదిలక్ష్మిని కూడా రమ్మన్నాడట,
ఆ నాలుగ్గంటలు రాసిన పుస్తకం పట్టుకుని.