మూడో గురువారం

నెలకోసారి నా పుస్తకాల బస్సు
ఉత్స్‌యోకి మలుపులో ఆగుతుంది.
మంచు తోసే బండి ఇంజను ఆపకుండానే
దిగి వస్తుంది ఇర్యా.
చంకలో ఐదు పుస్తకాలు, నాలుక చివర తీర్పులు.

"హత్య కథ పర్లేదు.
హంతకుణ్ణి నలభయ్యో పేజీలోనే పట్టేశాను.
కానీ మైనస్ ముప్పైలో మంచు
కాలు పెడితే కిర్రుమంటుందని రాసినాయనకు తెలీదు.
వాడు చప్పుడు లేకుండా వెనకనుంచి వచ్చాడట!
ఎవరి చెవిలో పూలు?"

"ఈ ప్రేమ నవల... వాళ్ళు విడిపోయినప్పుడు
నాకు చుక్క నీరు రాలేదు.
మర్నాడు పొద్దున్నే అతను
అలవాటుగా రెండు కప్పులు కడిగిపెట్టాడు చూడు,
అక్కడ బండి పక్కకి ఆపాల్సొచ్చింది."

అంతరిక్షం మీద మాత్రం ఒళ్ళుమంట:
"మూడొందల ఏళ్ళ ప్రయాణం,
ఒక్కడూ ఒక్క బోల్టు బిగించడు!"

యుద్ధ చరిత్ర గురించి ఏమీ అనలేదు.
వాళ్ళ తాత ఊరు తగలబడటం
అందులో ఒకటిన్నర వాక్యం.
ఆ పేజీలో డీజిలు రశీదు మరిచిపోయింది,
లేదా వదిలేసింది.

చివరిది కవిత్వం. సన్నటిది.
కాగితాలు వేయించిన అప్పడాల్లా వంకర్లు పోయాయి.
"ఆవిరి గదిలో చదివాను. అర్థం కాలేదు.
మళ్ళీ చదివాను. అప్పుడూ కాలేదు.
జరిమానా ఎంత?"

చెప్పాను.
చేతి తొడుగు పళ్ళతో లాగి, చిల్లర లెక్కపెట్టింది.
డబ్బిచ్చింది, పుస్తకం ఇవ్వలేదు.
"దీని సంగతి ఇంకా తేలలేదు" అని
కోటు లోపల దోపుకుంది.

తర్వాతి ఊరు ముప్పై కిలోమీటర్లు.
రాత్రంతా కురిసింది.
ఆమె బండి ముందు, నా బస్సు వెనక.