కూత తెగిన చోట

సున్నం గీతలు గీసుడు నా పని.
ఇరవై రెండేండ్ల సంది గీస్తున్న.
వంకరపోతే అడిగేటోడు లేక
మూడేండ్లు వంకరగనే గీసిన, అబద్ధమెందుకు.

ఆఫీసు గదిల అద్దాల బీరువ.
కప్పు ఉన్న జాగల గుండ్రటి మచ్చ,
చుట్టూ దుమ్ము, నడుమ ఉత్త చెక్క.
యూనివర్సిటోళ్లు వచ్చి సంతకం పెట్టించుకోని
కప్పు మల్ల పట్టుకపోయిన్రు.
మా జట్టుల ఆడిన ఇద్దరు
మా కాలేజి గడప తొక్కనే లేదట.
అండ్ల ఒగడు మంథనోడు,
బిడ్డ పుట్టెంటికలు సుత ఏములాడల తీపిచ్చిండు.

మ్యాట్ కొరకని తొంబై రెండు బ్యాచోళ్లు
తలా ఇంత ఏసిన పైసలు
ఎటువోయినయో పాత పీడీ సారుకే ఎరుక.
మ్యాట్ రాలే. సారు బదిలి మీద పోయిండు.
గ్యాలరీ మెట్ల మీద మేకలు పండుకునుడు మొదలువెట్టినయి.

స్వరూప మేడం వచ్చినంక ఉపన్యాసమేం చెప్పలే.
నోటీసు బోర్డు మీద రశీదులు అంటించింది.
నొప్పుల మందు, మోకాలు పట్టీలు,
అరటిపండ్లు రెండు డజన్లు.
అరటిపండ్ల లెక్క చూసి లెక్చరర్లు నవ్విన్రు.

పాత రిజిస్టర్లు దులిపి
నూటా నలభై ఒక్క అడ్రసు రాసుకున్నది.
శనివారం శనివారం కార్డులు.
సుబేదారి పోస్టాఫీసుల నేనే ఏసొస్తుంటి.
చదవొద్దంటరు గని, కార్డుకు మూత ఉండది గద:
"నర్సంపేట మీద పన్నెండు పాయింట్లతో ఓడినం.
బానోతు చందర్ అనే పిల్లగాడు బాగ ఆడిండు.
మిగతోళ్లు ఆడలే. పైసలు అడుగుత లేము."
మల్ల వారం:
"ఓడినం. మ్యాట్ పైసల విచారణ నడుస్తంది. తేలలే."

పదకొండు కార్డులు వాపసొచ్చినయి,
మూడిటి మీద పోస్ట్‌మ్యాన్ రాత, చనిపోయిండని.
ఒక్క జవాబు వచ్చింది. ఇగ రాయకున్రి.
ఆమె ఆ పేరొక్కటి కొట్టేసి
మిగతోళ్లకు రాసింది.

ఎండ ముదురుతున్న ఒగ పొద్దు గేటు కాడ ట్రాక్టరు.
పరకాల దిక్కెళ్లి, మొరం లోడు.
దిగింది జన్ను కట్టయ్య, ఎనభై తొమ్మిదిల మా రైడరు,
ఎడమ చెవి నలిగి ముద్దైన మనిషి.
"పైసలియ్య," అన్నడు, నా దిక్కు చూడకుంట.
"పైసలు కనవడకుంట పోతయి.
మొరం ఎటువోతది? పోస్తే కండ్ల ముంగటనే ఉంటది."
పోసిండు. చాయ్ తాగుమంటే తాగలే.

ఫైనల్ కాదు, సెమీస్ కాదు, మామూలు లీగు మ్యాచు,
కాజీపేటోళ్ల మీద.
ఎనుమాముల మిర్చి యార్డు దిక్కెళ్లి గాలి మళ్లి
మంది తుమ్ముతున్నరు. మందంటే అరవై, డెబ్బై.
కట్టయ్య లోపటికి రాలే.
గోడవతల ట్రాక్టరెక్కి చూస్తున్నడు.

ఆఖరి కూత. రెండు పాయింట్లు తక్కువున్నం.
చందర్ పోయిండు.
కాలు పట్టినోన్ని, నడుం పట్టినోన్ని,
మీద పడ్డోన్ని ఈడ్చుకుంట వచ్చి
గీత మీద చెయ్యి పెట్టిండు. నేను గీసిన గీత.
రెఫరీ మూడు వేళ్లు లేపిండు. ఒకటే ఒర్రుడు.

పిల్లగాడు లేవలే.
మోకాళ్ల మీదనే ఉండి చెయ్యి లేపిండు.
"సార్, నడుమ కూత తెగింది."

ఆ లొల్లిల రెఫరీకి ఇనవడలే,
పట్టినోళ్లకు ఇనవడలే.
తెగిన సప్పుడు వాని ఛాతిల
వానికొక్కనికే ఇనవడ్డది.

ఓడినం.
ఎవడో చెప్పు ఇసిరిండు.
సగం మంది లేచి పోయిన్రు.
మేడం వానికి నీళ్ల సీసా ఇచ్చి, ఏమనకుంట,
మెట్ల మీద కూసోని కార్డులు రాసుడు షురూ చేసింది.

చీకటి పడ్డది. సున్నం బకెట్ కడుగుతున్న.
ట్రాక్టరు ఇంక ఆడనే ఉన్నది.
కట్టయ్య గోడ మీదికెళ్లి మెడ చాపిండు:
"పొద్దుగాల గేటు ఎన్నింటికి తీస్తవ్?"
ఐదున్నరకు.
"తాళం ఎవల దగ్గరుంటది?"
నా దగ్గరనే.
ఏదో లెక్క సరిచూసుకున్నట్టు తల ఊపిండు.

తెల్లారి గీత
దారం కట్టి గీసిన.